చందవరపు శిల, డల్విచ్ పటము

మ్యూజియ మనగానే మన విద్యార్థులకు హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియమో, చెన్నపట్టణమున అమరావతి శిల్పము లున్న శాలయో జ్ఞప్తికి వచ్చును. కాని ఒకటి రెండు గదులు, ఒక కావలివాడు, ఒక తాళము మాత్రమే గల చిన్న మ్యూజియములు మన దేశమునను, ఇతర దేశములందును అనేకములు కలవు. త్రవ్వకములలో దొరకిన వస్తువులను దొరకిన చోటనే యుంచుట మంచి పద్ధతియే. ఊరివారి చరిత్రము ఊరివారి కన్నుల యెదుట నుండును. అయితే దొంగలకును అట్టి చోట్లే అనుకూలములు. ఈ వ్యాసమున రెండు దొంగతనములను గూర్చి చెప్పదలచితిమి.

మొదటిది ఇంగ్లండు దేశమున జరిగినది. లండను నగరపు దక్షిణ భాగమున డల్విచ్ అను చోట 1817లో ప్రజలకు తెరువబడిన చిత్రశాల కలదు. డచ్చి చిత్రకారుడగు రెంబ్రాంటు 1632లో చిత్రించిన జాకబ్ డి గెయిన్ అను వాని పటము అందున్నది. నిలువు సుమారు 30 సెంటీమీటర్లు, అడ్డము 25. మన పిల్లల బడిపలక యంతది. చంకను బెట్టుకొని పోవచ్చును, పోయినారు కూడను! 1966, 1973, 1981, 1983 సంవత్సరములలో నాలుగుమార్లు ఇది దొంగిలింపబడెను. ఒకమారు సైకిలు వెనుక దొరకెను. నాలుగవమారు దొంగ పైకప్పు అద్దమును పగులగొట్టి లోనికి దిగెను. మూడేండ్ల పిమ్మట 1986లో జర్మనీ దేశపు రైల్వే స్టేషనులో, సామానులుంచు అరలో ఆ పటము కనబడెను. వినువారికి నవ్వు వచ్చుట సహజమే. కాని ప్రతిమారును అది యెందుకు తిరిగి వచ్చినది? దాని ముఖము లోకమెల్ల నెరుగును గనుక. దానిని కొన్నవాడు తన గోడకు తగిలింపజాలడు. అమ్మజూచువాడు నలుగురిలో నోరు విప్పజాలడు.

రెండవ కథ మన ప్రకాశం జిల్లాలోనిది. గుండ్లకమ్మ యేటి చెంత చందవరమున గుట్టమీద ప్రాచీన బౌద్ధస్తూప మొకటి కలదు. 1972 మొదలు 1977 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. శిల్పములను అక్కడనే చిన్న మ్యూజియమున నుంచిరి. 2000–2001 ప్రాంతమున దొంగలు వానిపై బడిరి. పోయిన శిల్పములలో క్రీ.శ. మూడవ శతాబ్దపు సున్నపురాతి ఫలక మొకటి. బుద్ధుని కొలుచు భక్తులు దానియందు చెక్కబడియున్నారు. 2005లో ఆస్ట్రేలియా రాజధానియగు క్యాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలవారు, న్యూయార్కు వర్తకురాలు నాన్సీ వీనరు వద్ద దీనిని 5,95,000 అమెరికా డాలర్లకు కొనిరి.

అంత గొప్ప సంస్థవారు దొంగసొత్తు నెట్లు కొనిరని మీరడుగవచ్చును. ప్రాతవస్తువును కొనునపుడు అది యెవరి చేతినుండి యెవరి చేతికి వచ్చెనో తెలుపు చరిత్ర యొకటి చూపవలయును. 1960 దశకమున హాంకాంగులో ఒకరు దీనిని కొనిరని చూపిన కథ. ఆ దశకమే యేల? దొంగ పురావస్తువుల వ్యాపారమును అరికట్టుటకు యునెస్కోవారి ఒడంబడిక 1970లో ఏర్పడెను. నూరేండ్లు దాటిన శిల్పములను, చిత్రములను ప్రైవేటువారు విదేశములకు పంపరాదని మన చట్టము 1972లో వచ్చెను. ఆ రెంటికిని ముందే రాయి దేశము దాటినదనిన అడుగువారు తక్కువ. కట్టుకథకు తేదీని సయితము ఆలోచించియే పెట్టిరని మా యభిప్రాయము.

ఆ కథను చెరిపినవి ఛాయాచిత్రములు. చోరీకి పూర్వము ఫలకము మన దేశముననే యున్నట్లు అవి చూపెను. ఎన్నడో హాంకాంగు చేరిన రాయి ఇచ్చట ఫోటో కెట్లు నిలుచును? 2016లో ఆస్ట్రేలియావారు ఫలకమును భారతదేశమునకు అప్పగించిరి. దొంగ పురావస్తువుల వ్యవహారమున తన నేరమును నాన్సీ వీనరు 2021లో న్యూయార్కు న్యాయస్థానమున ఒప్పుకొనెను.

రెంబ్రాంటు పటమును కాపాడినది దాని కీర్తి. చందవరపు శిలకు కీర్తి లేదు. ఎవరో తీసియుంచిన బొమ్మయే దానికి సాక్షి యయ్యెను. గట్టి తాళము, మంచి కావలి వలయును, సందేహము లేదు. కాని తాళము విరిగిన తరువాత పనికివచ్చునది వ్రాతయే. ఇంటర్‌పోలువారి దొంగసొత్తు పట్టికలో 50,000కు పైగా కళావస్తువు లున్నవి. ఆనవాలు లేని వస్తువును అందులో నెట్లు చేర్చగలరు? 1997లో వెలువడిన ఆబ్జెక్ట్ ఐడి అను పద్ధతి ఇందుకే. వస్తువేమి, దేనితో చేసిరి, కొలతలెంత, అక్షరములున్నవా అని అది యడుగును. అన్నిటికంటె మాకు నచ్చిన ప్రశ్న, దానికి మాత్రమే గల గుర్తు ఏదియని. రాతి పగులు మన వ్రేలిముద్ర వంటిది. ముక్కు విరిగిన బొమ్మలు వేయి యుండవచ్చును గాని ఒకే తీరున విరిగినవి రెండుండవు. కాబట్టి దెబ్బ తగిలిన భాగమునే దగ్గరగా ఫోటో తీయవలయును.

ఈ పని పై తరగతుల విద్యార్థులు చేయగలరు. మీ యూరి చెరువుగట్టున శాసనపురాయి యుండవచ్చును, పొలమున వీరగల్లు ఉండవచ్చును. ప్రక్కన స్కేలు నిలిపి ఎదుటనుండి, ప్రక్కలనుండి, వెనుకనుండి బొమ్మ తీయుడు. ఉదయముగాని సాయంకాలముగాని ఎండ ఏటవాలుగా పడునపుడు తీసినచో అరిగిన అక్షరములు సయితము తేలును. అక్షరములు కనబడవని సుద్ద రాయుట, నూనె పూయుట కూడదు. తేదీ, ఊరు, కొలతలు వ్రాసి, ఒక ప్రతిని పురావస్తు శాఖవారికి పంపి, ఒకటి బడి బీరువాలో నుంచుడు.