లివర్‌కు పాకినా ఆపరేషన్ చేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మలంలో రక్తం పడుతుంటే మొలలేమో అనుకున్నాం. కొలనోస్కోపీలో పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. స్కాన్‌లో లివర్‌కు కుడివైపు మూడు గడ్డలు కనిపించాయి. నాలుగో దశ కదా, ఇక ఆపరేషన్ దండగ అని బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఆ మాట విని మీరు ఆగిపోవద్దు. పెద్దపేగు నుంచి వెళ్లే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కే చేరుతుంది. అందుకే ఈ క్యాన్సర్ చాలామందిలో ముందుగా అక్కడికే పాకుతుంది. మిగతా అవయవాలు బాగుండి, గడ్డలన్నీ తీయడానికి వీలైతే నయమయ్యే అవకాశం ఉంది. ఇలా తీయించుకున్నవారిలో వందకు సుమారు 40 మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటున్నారు.

గడ్డలు ఎన్ని అనేదానికంటే, అవి తీశాక పనిచేసే లివర్ ఎంత మిగులుతుందన్నది ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న లివర్ నాలుగో వంతు మిగిలినా సరిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. కీమో బాగా పడిన లివర్ అయితే కనీసం 30 శాతం ఉండాలి. అంత మిగలదనుకుంటే, తీసేయబోయే వైపు పోర్టల్ సిర కొమ్మను ముందే మూసేస్తారు. నాలుగైదు వారాల్లో రెండోవైపు పెరుగుతుంది, అప్పుడు ఆపరేషన్ చేస్తారు. 3 సెంటీమీటర్లలోపు గడ్డల్ని కొన్నిసార్లు మైక్రోవేవ్‌ వేడితో మాడ్చేయవచ్చు.

పేగు, లివర్ రెండింటికీ ఒకేసారి చేయాలా, విడివిడిగానా అన్నది రోగి ఓపికను బట్టి ఉంటుంది. చాలామందికి ముందు కొన్ని విడతలు కీమో ఇస్తారు. అయితే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: ఆపరేషన్‌కు వీలున్నా కీమోను నెలల తరబడి సాగదీస్తే లివర్ దెబ్బతింటుంది. గడ్డలు స్కాన్‌లో మాయమైనా కణాలు లోపల మిగిలే ఉండవచ్చు. కాబట్టి కీమో మొదలుపెట్టకముందే లివర్ ఆపరేషన్లలో అనుభవమున్న సర్జన్‌కు స్కాన్లు చూపించండి. లివర్ ఎమ్మారై, ఛాతీ సీటీ, రక్తంలో సీఈఏ, గడ్డ ముక్కపై ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్, ఎంఎస్ఐ పరీక్షల రిపోర్టులు వెంట ఉండాలి.

ఆపరేషన్ తర్వాత సగం మందికి పైగా వ్యాధి తిరగబెడుతుంది. ముందే పట్టుకుంటే కొందరికి రెండోసారీ తీయవచ్చు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్‌కు తప్పకుండా తీసుకెళ్లండి. ఈలోగా కడుపు ఉబ్బి, వాంతులై, మలం, గ్యాస్ ఆగిపోతే పేగు మూసుకుపోయిందేమో, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.