స్కోప్‌కు లైసెన్స్ అక్కర్లేదు, తుపాకీ పట్టే చేతికి కావాలి

ప్రశ్న: హెచ్-1బి వీసా మీద డాలస్‌లో ఉంటున్నాను. అడవి పందులు, జింకల వేటకు రమ్మని మిత్రులు పిలుస్తున్నారు. రైఫిల్ స్కోప్‌లు రెండు మూడు చూసి పెట్టాను. ఊళ్ళో మా బావ మొక్కజొన్న చేను పందుల పాలవుతోంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆయనకూ ఒకటి తేవచ్చా?

జవాబు: స్కోప్ చట్టం దృష్టిలో తుపాకీ కాదు. అమెరికాలో దాన్ని కొనడానికి లైసెన్స్ అడగరు. అసలు చిక్కు దాన్ని రైఫిల్ మీద బిగించాక మొదలవుతుంది.

హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాలవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. దీనికున్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్స్. టెక్సస్‌లో చాలామంది మనవాళ్ళు ఇక్కడే పొరబడుతున్నారు. భూయజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో అడవి పందుల వేటకు 2019 సెప్టెంబరు నుంచి లైసెన్స్ అక్కర్లేదు. కానీ అది రాష్ట్రం పంది విషయంలో ఇచ్చిన సడలింపు. మీ చేతిలోని తుపాకీకి అది వర్తించదు. మిత్రుడి రైఫిల్ కాసేపు పట్టుకున్నా మీరు లైసెన్స్ చూపించాల్సిందే. వీసా హోదా పోయిన ఒక విద్యార్థి మీద రేంజ్‌లో తుపాకీ కాల్చినందుకే కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019లో తీర్పు వచ్చిన రెహైఫ్ కేసు అదే. ఈ నేరానికి 15 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. వీసా సంగతి సరేసరి.

టెక్సస్ వేట లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1 ఉదయం మీ బీరువాలో రైఫిల్ ఉండి, కొత్త లైసెన్స్ లేకపోతే మీరు ఇంట్లో కూర్చునే చిక్కుల్లో పడతారు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ కోర్సు కూడా ఉంటుంది. ముందు ఆ పని చూసుకోండి.

ఇక ఎంపిక. జింకను సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేటాడాలి. స్కోప్ పనితనం తేలేది ఆ చివరి అరగంటలోనే. 3-9×40 అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే, 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోప్. 40ని 9తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 4.4 మిల్లీమీటర్లు. 6 రెట్లకు తగ్గిస్తే 6.7. మసక వెలుగులో ఆ రెండో అంకే మేలు. దుకాణంలో దీపాల కింద ప్రతి స్కోప్ తేటగానే ఉంటుంది. పొద్దువాలే వేళ వెళ్ళి, రైఫిల్‌కు బిగించని స్కోప్‌ను తలుపు దగ్గరికి తెచ్చి, ఎదుటి చెట్ల నీడలోకి చూడండి. కొమ్మ అంచు విడిగా కనబడితే అది మంచి అద్దం. థర్మల్ స్కోప్ జింకల వేటకు పనికిరాదు, రాత్రి వాటిని వేటాడకూడదు. పందులకైతే వాడుకోవచ్చు.

అద్దంతోపాటు వారంటీనీ పోల్చండి. 15 డాలర్లు దాటిన సరుకుకు రాతపూర్వక వారంటీ ఉంటే, అందులోని షరతులు కొనకముందే చదువుకునే వీలు అమ్మేవాడు కల్పించాలి. ఇది మీ హక్కు. అది ‘ఫుల్’ వారంటీయో ‘లిమిటెడ్’ వారంటీయో పైనే రాసి ఉండాలి. ‘జీవితకాలం’ అని రాస్తే అది ఎవరి జీవితకాలమో, చేతులు మారితే చెల్లుతుందో లేదో అడగండి.

బావ సంగతి. రైఫిల్ స్కోప్ అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉంది. బహుమతిగా పెట్టెలో పెట్టుకున్నా అది ఎగుమతే. ముందుగా అనుమతి తీసుకోకుండా తేవద్దు. పైగా మన దేశంలో అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పంట పాడుచేసినా సరే, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే చంపాలి. లేకుంటే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రయత్నం కూడా వేటే అవుతుంది, వాడిన ఆయుధం ప్రభుత్వపరం అవుతుంది. బావగారిని అటవీ అధికారికి అర్జీ పెట్టుకోమనండి. చేను ఫోటోలు, పాస్‌బుక్ నకలు జతచేయమనండి. మీరు మాత్రం స్కోప్‌కు డబ్బు కట్టేముందు మీ లైసెన్స్ మీది తేదీ ఒకసారి చూసుకోండి.