ఊద్ తైలం: పాతబడితే పెరిగేదేమిటి?

శుక్రవారం నాడు స్నానం చేసి, శుభ్రపడి, తన ఇంట్లో ఉన్న సుగంధం పూసుకుని జుమా నమాజుకు బయలుదేరే వ్యక్తిని గురించి మహాప్రవక్త (సల్లం) శుభవార్త వినిపించారు. ఎవరైనా సుగంధద్రవ్యం ఇస్తే ఆయన కాదనేవారు కాదని హజ్రత్ అనస్ (రజి) తెలియజేశారు. ఈ రెండు హదీసులూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి. అందువల్లనే ఎంత సామాన్యమైన ముస్లిం ఇంట్లోనైనా అలమరలో ఒక అత్తరు సీసా కనిపిస్తుంది.

ఆ సీసాల్లో ఊద్ తైలానిది ప్రత్యేక స్థానం. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు సెలవు మీద వస్తూ తెస్తాడు. హజ్ చేసి వచ్చిన పెద్దలు అయినవారికి కానుకగా ఇస్తారు. హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో తోలా లెక్కన దొరుకుతుంది. ధర అడిగితే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. ఒక సీసా వందల్లో ఉంటుంది, పక్కనే ఉన్న అంతే సీసా వేలల్లో ఉంటుంది. కారణమేమిటంటే, “ఇది పాత సరుకు భాయ్, ఇరవై ఏళ్ళ నాటిది” అంటారు. పాతదనం నిజంగా విలువను పెంచుతుందా? పెంచితే ఆ విలువకు సాక్ష్యం ఏమిటి? కొనేవారూ అమ్మేవారూ ఇద్దరూ తెలుసుకోవలసిన విషయమిది.

ముందు పేరు సంగతి చూద్దాం. అరబీలో ఊద్ అంటే కర్ర అని సామాన్యార్థం. ఈ సుగంధపు కర్రకు మనకు సంస్కృతం నుంచి వచ్చిన పేరు అగరు. ఒకే వస్తువు రెండు దారుల్లో తెలుగులోకి వచ్చి రెండు మాటలయింది. అగరువత్తి అన్నా ఊదువత్తి అన్నా మూలం ఆ కర్రే. చిత్రమేమంటే, ఇప్పుడు మామూలుగా అమ్మే ఆ వత్తుల్లో అసలు అగరు ఉండదనే చెప్పాలి. ఇళ్ళలో నిప్పుల మీద ‘ఊదు’ అని వేసేది కూడా చాలావరకు లోబానే, అంటే వేరే చెట్టు నుంచి కారే బంక. పేరు నిలిచింది, వస్తువు మారింది. సీసా మీద ‘ఊద్’ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఊదే అనుకోనక్కర లేదు.

పేరు వల్ల కలిగే మరో అపోహ ఉంది. ‘ఊద్ హిందీ’లో ఏడు రోగాలకు చికిత్స ఉందని ఒక హదీసు బుఖారీలో ఉన్న మాట నిజం. దీన్ని చూపించి కొందరు ఊద్ అత్తరును సర్వరోగ నివారిణిగా అమ్ముతున్నారు. అయితే ఆ హదీసులో ఊద్ హిందీ అంటే ‘ఖుస్త్’ అని ఆ ఉల్లేఖనంలోనే వివరణ ఉంది. ఖుస్త్ వేరే మొక్క వేరు. మన పచారీ కొట్లలో, ఆయుర్వేద దుకాణాల్లో దాన్ని చెంగల్వ కోష్టు అంటారు. అగరుకూ దానికీ సంబంధం లేదు. ప్రవక్త (సల్లం) వాక్కును తప్పు సరుకుకు అంటగట్టడం చిన్న విషయం కాదు.

ఇక అసలు ఊద్ ఎలా పుడుతుంది? అక్విలేరియా జాతి చెట్లు మన దేశంలో అస్సాం, త్రిపుర మొదలైన ఈశాన్య ప్రాంతాల్లోనూ, ఆగ్నేయాసియా దేశాల్లోనూ పెరుగుతాయి. అస్సాంలో దాన్ని సాంచి చెట్టంటారు. మనవారు తాటాకుల మీద రాసినట్లే పూర్వం అక్కడివారు ఆ చెట్టు బెరడు మీద గ్రంథాలు రాసేవారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కలప తెల్లగా, తేలికగా ఉంటుంది, వాసన ఉండదు. పురుగు తొలిచినప్పుడో, గాయమైనప్పుడో శిలీంధ్రం లోపలికి ప్రవేశిస్తుంది. చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఆ చోట నల్లటి జిగురును నింపుకుంటుంది. ఏళ్ళ తరబడి జిగురు పేరుకున్న ఆ కలపే అగరు. జిగురు బాగా పట్టిన ముక్కను నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. గాయపడని చెట్టులో ఈ పరిమళమే లేదన్నది దైవసృష్టిలోని ఒక అద్భుతం.

ఎగువ అస్సాంలో ఇళ్ళ పెరళ్ళలోనే ఈ చెట్లను పెంచుతారు. తైలం తీసే పనికీ వ్యాపారానికీ హోజాయి పట్టణం పేరుపొందింది. ఏడో శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్ష చక్రవర్తికి పంపిన కానుకల్లో నల్ల అగరు తైలం ఉన్నట్లు బాణభట్టు హర్షచరితలో రాశాడు. కామరూపం అంటే నేటి అస్సాం ప్రాంతమే. కలపను చిన్న చిన్న ముక్కలు చేసి రోజుల తరబడి నీళ్ళలో నానబెడతారు. తర్వాత ఆ నీటితో సహా పెద్ద పాత్రల్లో కాచి, ఆవిరిని చల్లబరిచి, పైన తేలిన తైలాన్ని వేరు చేస్తారు. బోలెడు కలపకు దొరికేది కొద్దిపాటి తైలం. దీన్నే అరబ్బులు దెహ్న్ అల్-ఊద్ అంటారు.

పాతదనం చేసే పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. అప్పుడే తీసిన తైలంలో కొంత తేమ మిగిలి ఉంటుంది. నానబెట్టినప్పుడు కలప పులిసిన వాసన, పాత్రలో కాగిన వాసన దానిలో ఉంటాయి. భారతీయ ఊద్‌లో ఇది మరీ ఎక్కువ. మొదటిసారి వాసన చూసినవారు పశువులపాక గుర్తొచ్చిందని ముఖం తిప్పుకోవడం మామూలే. నెలలు గడిచేకొద్దీ తేలికైన పదార్థాలు ఎగిరిపోతాయి. మిగిలినవి మూతలోపలి కొద్దిపాటి గాలితో నెమ్మదిగా కలిసి మార్పు చెందుతాయి. ఘాటు తగ్గుతుంది, తైలం కాస్త చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది, అడుగున ఉన్న తీపీ కలప వాసనా పైకి వస్తాయి. కొత్తావకాయకూ ఊరిన ఆవకాయకూ ఉన్న తేడా వంటిదే ఇది.

కాని ఊరితే అన్నీ బాగుపడవు. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అలాగని పురుగు పట్టిన బియ్యాన్ని రెండేళ్ళు దాస్తే మంచి బియ్యమవుతాయా? జిగురు సరిగా పట్టని లేత కలప నుంచి తీసిన పలుచని తైలం ఇరవై ఏళ్ళు ఉంచినా పలుచని తైలమే. వేరే నూనె కలిపిన సరుకైతే కాలం గడిచేకొద్దీ ఆ నూనె కారిపోయిన వాసన కొట్టవచ్చు. కాలం ఉన్న గుణాన్ని పైకి తెస్తుంది గాని లేని గుణాన్ని పుట్టించదు. నిలవ చేయాలనుకునేవారు మొదట మంచి తైలం ఎంచుకోవాలి, ఆ తర్వాతే ఓపిక పట్టాలి.

ఇంట్లో నిలవ చేయడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ముదురు రంగు గాజు సీసా, బిగుతైన మూత, చీకటి, చల్లదనం ఉంటే చాలు. ప్లాస్టిక్ సీసా పనికిరాదు. వంటింటి అటక, కారు డాష్‌బోర్డు, ఎండ పడే కిటికీ దీనికి శత్రువులు. పెద్ద సీసాలో అడుగున కాస్త మిగిలితే చిన్న సీసాలోకి మార్చాలి, లేకపోతే లోపలి గాలి ఎక్కువై తైలం పాడవుతుంది. వేలు ముంచకుండా గాజు పుల్లతో తీసుకోవాలి. సీసా మీద కొన్న తేదీ రాసి పెట్టుకోవాలి. ఈ చివరి పని చాలామంది చేయరు, పదేళ్ళ తర్వాత ఇంట్లో ఎవరికీ ఏది ఎప్పటిదో గుర్తుండదు.

పరీక్షించేటప్పుడు తొందర తగదు. పుల్లతో తీసిన చిన్న చుక్కను మణికట్టుకు రాసి, కాసేపు ఆగి చూడాలి. మళ్ళీ గంటకొకసారి, మర్నాడు ఉదయం చూడాలి. మంచి తైలం మొదట ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా ఉంటుంది. ఒకే పూట ఐదారు సీసాలు వాసన చూస్తే ముక్కు మొద్దుబారుతుంది, అప్పుడు దుకాణదారుడి మాటే మన తీర్పవుతుంది. తెల్లబట్టల మీద మాత్రం ఊద్ మరక పడుతుందని మరచిపోరాదు. ఇహ్రాంకు ముందు హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా ప్రవక్త (సల్లం) వారికి సుగంధం పూసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అయితే ఇహ్రాం దీక్షలో ప్రవేశించాక సుగంధం పూసుకోవడం నిషిద్ధం. ఊద్ వాసన బట్టను రోజుల తరబడి వదలదు గనుక ఇహ్రాం వస్త్రాలకు దాన్ని తగలనివ్వకుండా ఉండటమే జాగ్రత్త.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. ఇంతకుముందు చెప్పిన గుర్తుల్లో ఏ ఒక్కటీ వయసుకు రుజువు కాదు. నల్లగా ఉంటే పాతదంటారు, కాని రంగు కలపవచ్చు. చిక్కగా ఉంటే పాతదంటారు, కాని కొన్ని తైలాలు పుట్టుకతోనే చిక్కన, చలికాలంలో గడ్డకట్టేవీ ఉన్నాయి. నీళ్ళలో చుక్క వేసి చూడటం, కాగితం మీద కాల్చి చూడటం వంటి బజారు పరీక్షలు నమ్మదగినవి కావు. ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయిస్తే వేరే ద్రవ్యాలు కలిశాయేమో తెలుస్తుంది గాని, ఇది ఫలానా సంవత్సరం తీసిన తైలమని అది కూడా చెప్పలేదు. అంటే పాత ఊద్‌కు మనం చెల్లించే అధిక ధరలో పెద్ద భాగం ఒక మనిషి నోటిమాటకు చెల్లిస్తున్నాం. నకిలీల సమస్య ఈనాటిదీ కాదు. తొమ్మిదో శతాబ్దపు పండితుడు అల్-కిందీ సుగంధ ద్రవ్యాల తయారీపై రాసిన గ్రంథంలో ఖరీదైన పరిమళాలకు బదులుగా పోలికలు తయారుచేసే పద్ధతులు కూడా చేర్చాడు.

కల్తీ అనగానే ‘కలపడమే పాపం’ అనుకునేవారున్నారు. అది సరికాదు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ధూపం వేసుకునేటప్పుడు ఒక్కోసారి ఏమీ కలపని ఊద్‌ను, ఒక్కోసారి కర్పూరం కలిపిన ఊద్‌ను వాడేవారు. దైవప్రవక్త (సల్లం) కూడా ఇలాగే చేసేవారని ఆయన చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. కాబట్టి కలిపిన ఊద్‌లో తప్పు లేదు, దాన్ని వాడటంలోనూ అమ్మటంలోనూ తప్పు లేదు. తప్పు ఎక్కడుందో మరో హదీసు చెబుతుంది. ప్రవక్త (సల్లం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని యజమాని చెప్పుకున్నాడు. మరి జనం చూసేలా తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు (ముస్లిం). ధాన్యం తడవడం అతని నేరం కాదు. తడిని అడుగున దాచడమే నేరమయింది.

ఈ కొలతతో చూస్తే ఊద్ అమ్మేవారి బాధ్యత స్పష్టమవుతుంది. ఏ ప్రాంతపు తైలం, కలిపినదా కలపనిదా, ఎన్నేళ్ళది అన్నవి చెప్పి అమ్మాలి. తనకు తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఇరవై ఏళ్ళ సీసాలో సగం ఖర్చయ్యాక కొత్త తైలంతో నింపి ‘ఇరవై ఏళ్ళది’ అని అమ్మడం, మా దృష్టిలో, తడి ధాన్యం మీద పొడి ధాన్యం పరచడమే. సింథటిక్ ఊద్‌ను సింథటిక్ అని చెప్పి తక్కువ ధరకు అమ్మేవాడు ఇతనికన్నా ఎన్నో రెట్లు నయం. ‘అల్లాహ్ సాక్షిగా పాతదే’ అని మాటమాటకూ ఒట్టు వేసే అలవాటు మరీ ప్రమాదం. ఒట్లు సరుకును అమ్ముడుపోయేలా చేసినా శుభాన్ని తుడిచిపెడతాయని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). మంచి సహచరునికి ఆయన కస్తూరి అమ్మేవాడిని ఉపమానంగా చెప్పిన సంగతి అత్తరు వ్యాపారులందరికీ తెలుసు. అది గోడకు రాసి తగిలించుకోవడానికి మాత్రమే చెప్పింది కాదు.

కొన్నవారి హక్కు కూడా చెప్పుకోవాలి. చెప్పిన గుణం సరుకులో లేదని తేలితే తిరిగి ఇచ్చేసి సొమ్ము రాబట్టుకునే హక్కు ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఉంది. అందుకు రసీదు మీద ‘కలపని భారతీయ ఊద్’, ‘ఫలానా సంవత్సరం’ అని రాయించుకోవడం అవసరం. రాయడానికి వెనుకాడే దుకాణదారుడి నోటిమాటకు అధిక ధర ఇవ్వనక్కర లేదు.

లాభం కోసం ఊద్‌ను కొని నిలవ చేసేవారు జకాత్ సంగతి మరవరాదు. సొంత వాడకానికి దాచుకున్న తైలానికి జకాత్ లేదు. అమ్మే ఉద్దేశ్యంతో ఉంచినదైతే అది వ్యాపార సరుకు. చాంద్రమాన సంవత్సరం నిండిన రోజున దాని మార్కెట్ ధర కట్టి, అది నిసాబ్‌కు చేరితే రెండున్నర శాతం తీయాలి. కొన్న ధర కాదు, ఆనాటి ధర. అంటే పాతబడి విలువ పెరిగిందని మనమే చెప్పుకుంటే, ఆ పెరిగిన విలువ మీదనే జకాత్ కూడా లెక్కకట్టాలి.

చెట్టు విషయం ఒకటి మిగిలింది. మన అస్సాం జాతి అక్విలేరియా అడవుల్లో విపరీతంగా నరికివేతకు గురై, 2018 నాటి అంతర్జాతీయ జాబితాలో అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్నవాటిలో చేరింది. దాని వ్యాపారాన్ని 1995 నుంచీ, ఈ కోవకు చెందిన అన్ని జాతుల వ్యాపారాన్ని 2005 నుంచీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రిస్తోంది. విదేశాల నుంచి వచ్చేవారు సొంత వాడకానికి అనుమతి పత్రం లేకుండా వెంట తెచ్చుకోవడానికి ఆ ఒప్పందం పెట్టిన హద్దు మనిషికి కిలో కలప ముక్కలు, 24 మిల్లీలీటర్ల తైలం, రెండు తస్బీహ్ దండలు. ఒక తోలా సీసాలో సుమారు 12 మిల్లీలీటర్లు పడుతుంది గనుక ఇది రెండు తోలాలతో సమానం. ఆయా దేశాలు ఇంతకన్నా కఠినమైన నియమాలు పెట్టుకోవచ్చు. కాబట్టి గల్ఫ్ నుంచి వచ్చే సోదరులు టికెట్ తీసుకునేటప్పుడే రెండు వైపులా కస్టమ్స్ నిబంధనలు కనుక్కుని, కొన్న రసీదును సీసాతోపాటే ఉంచుకోవాలి.