మొహమాటం వద్దు, మంచం ఇస్తే పడుకోండి

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అమృత్‌సర్‌కు సైకిల్ మీద ఒంటరిగా వెళ్తున్నాను. ముక్కూ ముఖం తెలియనివాళ్లు తిండి, పడక ఇస్తామంటే ఒప్పుకోవచ్చా?

జవాబు: తప్పకుండా. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ దాటాక ధాబాలే మీకు ఆసరా. సామాను కట్టిన సైకిల్ చూడగానే ముందు కుళాయి చూపిస్తారు, తర్వాత నులక మంచం వాలుస్తారు. భోజనానికి డబ్బులివ్వండి. మంచానికి వద్దంటే మళ్లీ జేబులో చెయ్యి పెట్టకండి, నొచ్చుకుంటారు. ఎవరింట్లోనైనా ఉంటే పిల్లలకు పళ్లు కొనండి.

పంజాబ్‌లో గురుద్వారాలు దొరుకుతాయి. స్వర్ణ దేవాలయంలోనైతే లంగరు, అంటే సామూహిక భోజనశాల, రాత్రీ పగలూ నడుస్తుంది, ఎవరికైనా ఉచితం. చెప్పులు విప్పి, తల కప్పుకొని పంక్తిలో కూర్చోండి. రొట్టెకు రెండు చేతులూ పట్టాలి. తిన్నాక గిన్నెలు తోమేచోట ఓ చెయ్యి వేయండి. అది నాకెంతో ఇష్టమైన పద్ధతి. తీసుకున్నామన్న బరువే ఉండదు.

బస మాత్రం వెలుతురుండగానే అడగండి. తాగి ఉన్నవాళ్ల బండి ఎక్కొద్దు. ‘ఒక్కడివేనా?’ అని గుచ్చి గుచ్చి అడిగితే, ముందు ఊళ్లో స్నేహితులున్నారని చెప్పి కదిలిపోండి. ఎక్కడ ఆగినా ఇంటికి లొకేషన్ పంపండి.