తెర కనిపిస్తోంది, మౌస్ కదలట్లేదు

ప్రశ్న: నాది హైదరాబాద్‌లో విండోస్ ల్యాప్‌టాప్. రాజమండ్రిలో నాన్నగారిది మ్యాక్, మా కొట్టులో ఉబుంటు. రిమోట్ యాప్‌లో మ్యాక్ తెర కనిపిస్తోంది గానీ మౌస్ కదలట్లేదు. ఉబుంటుకు దారేమిటి?

జవాబు: యాప్ చెడిపోలేదు. తెర చూపించడానికి ఒక అనుమతి, మౌస్, కీబోర్డు అప్పగించడానికి వేరే అనుమతి అడుగుతుంది మ్యాక్. మీకు మొదటిదే దక్కింది. నాన్నగారికి ఫోన్ చేసి సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో యాక్సెసిబిలిటీ తెరిపించండి. అక్కడ యాప్ పేరు పక్కనున్న మీట ఆన్ చేసి, యాప్‌ను ఒకసారి మూసి తెరవాలి. ఆ మీట అక్కడున్నవారే నొక్కాలి. విసుగే, కానీ మోసగాళ్లకు అడ్డుపడేదీ అదే.

ఉబుంటు తేలిక. 22.04 వెర్షన్ నుంచి సెట్టింగ్స్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది. ఆన్ చేసి పాస్‌వర్డ్ పెడితే, విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌తోనే కలవొచ్చు. కొట్టు కంప్యూటర్ మాత్రం లాగిన్ అయి ఉండాలి.

ఊరి నుంచి ఊరికైతే రౌటర్‌లో 3389 పోర్టు తెరవమంటారు కొందరు. వినకండి! పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు ఆ పోర్టు కోసమే ఇంటర్నెట్‌ను గాలిస్తుంటాయి. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌తో మీ ల్యాప్‌టాప్‌నూ కొట్టు కంప్యూటర్‌నూ కలపండి.

మీట ఆన్ చేసినా కదలకపోతే మ్యాక్‌ను మెకానిక్‌కు చూపించండి. ముక్కూమొహం తెలియనివారు ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేయించి ఉంటే మాత్రం వెంటనే ఇంటర్నెట్ ఆపి, బ్యాంకుకూ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.