లైవ్ క్యాండిల్ చూసి షేర్ కొంటున్నారా? ముందు ఈ ఒక్క సెట్టింగ్ మార్చండి

అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. ఫోన్‌లో ట్రేడింగ్‌వ్యూ, 15 నిమిషాల చార్ట్. యూసుఫ్‌గూడ దాటుతుండగా 9 ఈఎంఏ లైన్ 21 ఈఎంఏని దాటి పైకి వెళ్లింది. టైమ్ 10:06. వెంటనే కొనేశాను. రాయదుర్గంలో దిగి మళ్లీ చార్ట్ ఓపెన్ చేస్తే ఆ క్రాస్ఓవరే లేదు! బగ్ అనుకుని యాప్ రీఇన్‌స్టాల్ కూడా చేశాను. సాయంత్రానికి పోయింది 1,840 రూపాయలు. కొత్త ఇయర్‌బడ్స్ కోసం దాచుకున్న డబ్బు అన్నమాట.

అది బగ్ కాదు, లెక్కే అలా ఉంటుంది. ఎలాగో చూద్దాం.

ఈఎంఏ అంటే ధరల సగటే. కాకపోతే కొత్త క్యాండిల్‌కి ఎక్కువ వెయిట్ ఇస్తుంది. పీరియడ్‌కి 1 కలిపి, 2ని దానితో భాగిస్తే ఆ వెయిట్ వస్తుంది. 9 ఈఎంఏకి 20 శాతం, 21 ఈఎంఏకి దాదాపు 9 శాతం. ఇప్పుడు నడుస్తున్న క్యాండిల్‌లో షేర్ 10 రూపాయలు ఎగిరిందనుకోండి. 9 లైన్ 2 రూపాయలు, 21 లైన్ 90 పైసలు పైకి జరుగుతాయి. అప్పటిదాకా రెండింటి మధ్య తేడా రూపాయే ఉంటే క్రాస్ఓవర్ కనిపించేస్తుంది. కాసేపటికి ధర వెనక్కి వస్తే లైన్లూ వెనక్కే. ఎందుకంటే క్యాండిల్ ముగిసేదాకా, ఆ క్షణంలో ఉన్న ధరనే యాప్ క్లోజ్ ధరగా తీసుకుంటుంది. నేను చూసింది 10:00 నుంచి 10:15 వరకు ఉండే క్యాండిల్. ఇంకా 9 నిమిషాలు మిగిలి ఉంది! ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ కూడా ఇలాగే మారుతుంటాయి.

అందుకే అలర్ట్ పెట్టేటప్పుడు ట్రిగ్గర్ దగ్గర 'వన్స్ పర్ బార్ క్లోజ్' ఎంచుకోండి. క్యాండిల్ ముగిశాకే నోటిఫికేషన్ వస్తుంది. ఎంట్రీ కొంచెం లేటవుతుంది, కొన్నిసార్లు ధర అప్పటికే పైకి వెళ్లిపోతుంది. నాకైతే అది నయమే అనిపించింది. ఆండ్రాయిడ్ వాళ్లు యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి, లేదంటే అలర్ట్ ఆలస్యంగా రావచ్చు. ఇక షేర్ పక్కకే నడుస్తున్నప్పుడు క్రాస్ఓవర్లు వస్తూ పోతూ ఉంటాయి, దానికి ఏ సెట్టింగూ లేదు.

అలర్ట్‌ని స్టాప్‌లాస్ అనుకోవద్దు. ఫోన్ ఆఫ్ అయితే అలర్ట్ మీకు చేరదు. బ్రోకర్ యాప్‌లో పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డర్ ఫోన్ ఆఫ్ అయినా పనిచేస్తుంది. అయినా దానికీ ఒక హద్దుంది.

మన హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ సంగతే తీసుకోండి. 2009 జనవరి 6న షేర్ 179 రూపాయల దగ్గర ముగిసింది. మర్నాడు ఉదయం మార్కెట్ నడుస్తుండగానే ఖాతాల్లో మోసం జరిగిందని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. సాయంత్రానికి షేర్ 40 రూపాయలు! ఇండికేటర్లన్నీ జరిగిపోయిన ధరల నుంచే పుడతాయి, ఆ లేఖలో ఉన్నది ఏ లైన్‌లోనూ లేదు. ధర అలా జారిపోతుంటే స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్ దొరికిన ధరకి అమ్మేస్తుంది. లిమిట్ పెట్టి ఉంటే అసలు అమ్ముడవకపోవచ్చు కూడా.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది, నిజమే. కానీ మామూలు రోజుల లెక్కా గొప్పగా ఏం లేదు. 2022-23లో క్యాష్ సెగ్మెంట్‌లో ఇంట్రాడే చేసిన ప్రతి 10 మందిలో 7 మందికి నష్టమే వచ్చిందని సెబీ 2024 జులైలో చెప్పింది.

నేనిప్పుడు ఒక ట్రేడ్‌లో 200 రూపాయలకు మించి పోకుండా చూసుకుంటున్నాను. స్టాప్‌లాస్ 4 రూపాయల దూరంలో ఉంటే 50 షేర్లు, 8 రూపాయలైతే 25. సత్యం లాంటి రోజున ఈ 200 లెక్క నిలవదు కాబట్టి, ఆ షేర్ల మొత్తం ధర నా నెల అద్దె దాటితే ఇంకా తగ్గిస్తాను.