రక్తం ఎక్కడ పుడుతుంది?

రక్తం ఎక్కడ తయారవుతుందని అడిగితే చాలామంది వెంటనే "గుండెలో" అంటారు. గుండె రక్తాన్ని ఒళ్ళంతా పంపిస్తుందే తప్ప తయారు చేయదు. రక్తకణాలు పుట్టేది ఎముకల లోపల. ఎముక లోపల ఉండే మెత్తని పదార్థాన్ని పుస్తకంలో అస్థిమజ్జ అని చదువుతాం, ఇంట్లో మూలుగ అంటాం. ఈ మూలుగకూ, వారానికి ఒకసారి మన చేతికి వచ్చే నీలిరంగు మాత్రకూ దగ్గరి సంబంధం ఉంది. ఆ మాత్ర వెనుక ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి కూడా ఉంది. ఈ విషయాలు మీతో పంచుకోవాలని పదవ తరగతి విద్యార్థులమైన మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

మూలుగ ఎక్కడ ఉంటుంది?

మూలుగ రెండు రకాలు: ఎర్ర మూలుగ, పసుపు మూలుగ. రక్తకణాలను తయారు చేసేది ఎర్ర మూలుగ. పసుపు మూలుగలో ఎక్కువగా కొవ్వు ఉంటుంది. చిన్నపిల్లలకు దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగే ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ కాళ్ళు, చేతుల పొడవాటి ఎముకల్లో అది చాలావరకు పసుపు మూలుగగా మారుతుంది. పెద్దవారిలో రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముక, పుర్రె ఎముకల్లో ఎర్ర మూలుగ మిగులుతుంది. అందుకే డాక్టర్లు మూలుగ పరీక్ష చేయాలంటే సాధారణంగా తుంటి ఎముక నుంచి తీస్తారు. రక్తకణాలు మూలుగలో పుడతాయని 1868లో ఎర్నెస్ట్ న్యూమన్ అనే జర్మన్ శాస్త్రవేత్త తెలియజేశాడు.

ఒకే తల్లి, ఎందరో బిడ్డలు

మూలుగలో మూల కణాలు అనే తల్లి కణాలు ఉంటాయి. మూల కణం రెండు పనులు చేయగలదు. తనలాంటి కణాన్నే మళ్ళీ తయారు చేయగలదు, వేరే రకం కణంగా మారే బిడ్డ కణాన్నీ ఇవ్వగలదు. రైతు పంటలో కొంత అమ్మి కొంత విత్తనానికి దాచుకున్నట్లే ఇది కూడా. మూలుగలో ఇలాంటి కణాలు ఉన్నాయని 1961లో కెనడా శాస్త్రవేత్తలు టిల్, మెకల్లక్ ఎలుకలపై ప్రయోగాలు చేసి చూపించారు. ఈ తల్లి కణాల సంతతి నుంచే రక్తంలోని కణాలన్నీ వస్తాయి.

1. ఎర్ర రక్త కణాలు: ఇవి ఎదిగే దశలో హిమోగ్లోబిన్‌ను నింపుకొని, చివరకు తమ కేంద్రకాన్ని బయటకు నెట్టేస్తాయి. ఆక్సిజన్‌ను మోయడం వీటి పని. సుమారు 120 రోజులు బతుకుతాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్‌ను పంపి, ఎక్కువ కణాలు తయారు చేయమని మూలుగకు కబురు చేస్తాయి.

2. తెల్ల రక్త కణాలు: ఇవి రోగక్రిములతో పోరాడే సైనికులు. న్యూట్రోఫిల్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, మోనోసైట్లు, లింఫోసైట్లు అని ఇవి ఐదు రకాలు. లింఫోసైట్లలో బి కణాలు మూలుగలోనే ఎదుగుతాయి. టి కణాలు మాత్రం ఛాతీలోని థైమస్ గ్రంథికి వెళ్ళి అక్కడ శిక్షణ పొందుతాయి.

3. ప్లేట్‌లెట్లు: నిజానికి ఇవి పూర్తి కణాలు కావు. మూలుగలోని మెగాకారియోసైట్ అనే పెద్ద కణం నుంచి వేల సంఖ్యలో విడిపోయే ముక్కలు. గాయమైతే రక్తం ఆగేలా చేస్తాయి. ఇవి బతికేది వారం, పది రోజులే. డెంగీ జ్వరంలో తగ్గేవి ఇవే.

పాత ఎర్ర కణాలు రోజూ పోతూనే ఉంటాయి. ఆ లోటు తీర్చడానికి పెద్దవారి మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్ర కణాలను తయారు చేస్తుంది. అంటే సెకనుకు 20 లక్షలకు పైనే!

ముడిసరుకు లేకపోతే?

ఇంత పని జరగాలంటే ముడిసరుకు కావాలి. మాంసకృత్తులు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ ముఖ్యమైనవి. ఇనుము లేకపోతే హిమోగ్లోబిన్ తయారు కాదు. అప్పుడు ఎర్ర కణాలు చిన్నవిగా, పాలిపోయి పుడతాయి. ఫోలిక్ ఆమ్లం లేదా బి12 లేకపోతే కణంలో డీఎన్ఏ సరిగా తయారు కాదు. కణం పెరుగుతుంది గానీ విడిపోలేదు. అప్పుడు ఎర్ర కణాలు పెద్దవిగా, తక్కువ సంఖ్యలో వస్తాయి. రెండింటినీ రక్తహీనత అనే అంటాం. ఆయాసం, నీరసం, చదివింది తలకెక్కకపోవడం దాని లక్షణాలు. అందువల్ల చదువులో వెనుకబడిన విద్యార్థిని సోమరి అనే ముందు అతని రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూడడం మంచిది.

మన సుబ్బారావు గారు

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయికి వచ్చి, గర్భిణులైన బట్టల మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం తింటే అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. అందులోని మందు ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1945లో దానిని కృత్రిమంగా తయారు చేసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. ఆహారం ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే వ్యాధి ఆయన తోబుట్టువులను బలిగొంది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ పరిశోధన సాగించారు.

మూలుగ అదుపు తప్పి, ఎదగని తెల్ల కణాలను విపరీతంగా తయారు చేస్తే అది లుకేమియా అనే రక్త క్యాన్సర్. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ మందును కూడా ఆయన బృందమే తయారు చేసింది. దానిని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మనం చేయవలసినవి

మన నీలి మాత్రలో ఉన్నవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం. మాత్ర వేసుకుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది. మలం నల్లబడడం ఇనుము వల్లే, భయపడనక్కరలేదు. పరగడుపున కాకుండా అన్నం తిన్న తర్వాత నీళ్ళతో మింగితే చాలావరకు ఇబ్బంది ఉండదు. వెంటనే టీ తాగరాదు. జ్వరం ఉన్నా, వాంతులు ఆగకపోయినా వార్డెన్ సారుకో, నర్సమ్మకో చెప్పాలి.

తోటకూర, మునగాకు, పప్పులు, శనక్కాయలు, గుడ్డు వదలకుండా తినాలి. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం కూడా పోతుంది. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీలుస్తాయి కనుక చెప్పులు లేకుండా బయలుకు వెళ్ళరాదు, నులిపురుగుల మాత్ర తప్పక వేసుకోవాలి. ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే డాక్టరుకు చూపించుకోవాలి.

చివరగా ఒక్క మాట. 18 ఏళ్ళు నిండాక ఆరోగ్యంగా ఉన్న మనమూ రక్తదానం చేయవచ్చు. ఇచ్చిన కణాలను మూలుగ కొన్ని వారాల్లో మళ్ళీ తయారు చేసుకుంటుంది. రక్తనిధిలో గ్రూపు చూస్తారు, జబ్బులు లేవని పరీక్షిస్తారు గానీ కులం అడగరు. వల్లూరులో పుట్టినా అమెరికాలో పుట్టినా అందరి మూలుగా చేసేది ఒకే పని. దానికి కావలసినది సమయానికి అందించడమే మన బాధ్యత.

– పదవ తరగతి విద్యార్థులు, వల్లూరు